వెన్నుపాము దెబ్బ తర్వాత ఎంత కోలుకున్నారో కొలవడం ఎలా: మా తమ్ముడి నోట్‌బుక్ నేర్పింది

మా తమ్ముడు నిచ్చెన మీద నుంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న 19వ రోజున నేను నోట్‌బుక్‌లో ‘ఎడమ కాలు కదిలింది’ అని పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీశాను. దుప్పటి సర్దుతుంటే దాని అంచు అరికాలికి తగిలింది. కాలు ఒక్కసారిగా ముడుచుకుంది. నా కళ్లతో నేను చూశాను. ఇంట్లో అందరికీ ఫోన్లు చేశాను, అమ్మ ఏడ్చేసింది. తమ్ముడు మాత్రం నా ముఖంలోకి చూసి, “అక్కా, నేను కదపలేదే” అన్నాడు.

సాయంత్రం ఫిజియో వచ్చి అదే అరికాలి మీద వేలితో గీశారు. కాలు మళ్లీ అలాగే ముడుచుకుంది. తమ్ముడిని ముడవమన్నారు. ఏమీ జరగలేదు. అది రిఫ్లెక్స్ అని, మెదడు నుంచి కబురు అందకపోయినా దెబ్బకు కింద ఉన్న వెన్నుపాము తనంతట తాను చేసే పని అని చెప్పారు.

ఆ తర్వాత నేను చేసిన తప్పు ఇంకా పెద్దది. ఒకసారి పొరబడ్డాను కదా అని ఇక కాలిలో ఏం కదిలినా రిఫ్లెక్సేలే అని వదిలేశాను. రెండో నెలలో తమ్ముడు “కుడి బొటనవేలి దగ్గర ఏదో లాగినట్టుంది, ఒకసారి చూడవే” అని మూడు రోజులు అడిగాడు. పైపైన చూసి “ఏం లేదురా” అన్నాను. ఆ నెల పరీక్షలో డాక్టరు పాదం మీద బొటనవేలికి వెళ్లే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) పైన తన వేలు ఆనించి, “పైకి ఎత్తు” అన్నారు. వేలు లేవలేదు. కానీ ఆ తాడు ఆయన వేలి కింద బిగుసుకుంది. “ఆపు” అంటే వదులైంది. దెబ్బ ఎంత తీవ్రమో చెప్పడానికి ఏ నుంచి ఈ దాకా అక్షరాలతో గ్రేడు ఇస్తారు. ఆ ఒక్క గుర్తుతో తమ్ముడి గ్రేడు ‘బి’ నుంచి ‘సి’కి మారింది.

లేనిదాన్ని ఉన్నట్టు రాశాను. ఉన్నదాన్ని లేనట్టు కొట్టేశాను. రెండూ కొలవడం రాక జరిగినవే. నేను డాక్టరుని కాను, లెక్కల టీచర్ని. తర్వాతి రెండేళ్లలో డాక్టర్ల దగ్గర, ఫిజియోల దగ్గర అడిగి అడిగి నేర్చుకున్న పద్ధతిని, ఇప్పుడు ఆ మంచం పక్కన కూర్చుని ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఆసుపత్రి కాగితం చదవడం నేర్చుకోండి

రెండు శరీర బొమ్మలు, ఎన్నో గళ్లు ఉండే ఒక షీటు ఇస్తారు. అందరూ దాన్ని ‘ఏషియా చార్ట్’ అంటారు. ఖండానికీ దానికీ సంబంధం లేదు. అమెరికన్ స్పైనల్ ఇంజ్యురీ అసోసియేషన్ పేరులోని మొదటి అక్షరాలు అవి. ఆ సంస్థ ఈ ప్రమాణాలను మొదట 1982లో ప్రచురించింది, తర్వాత చాలాసార్లు సవరించింది. అంతకు ముందు 1969 నాటి ఫ్రాంకెల్ స్కేల్ వాడేవారు. ఏ నుంచి ఈ దాకా అక్షరాలతో గ్రేడు ఇవ్వడం అక్కడి నుంచి వచ్చిందే.

చార్టులో చూడాల్సినవి మూడు. మొదటిది కండరాల మార్కులు. ఒక్కో వైపు 10 ముఖ్య కండరాలు, ఒక్కోదానికి 0 నుంచి 5, రెండు వైపులా కలిపి 100. చేతులకు 50, కాళ్లకు 50. ఒక్కో కండరాన్ని నడిపే నరం పేరు పక్కన ఉంటుంది: సి అంటే మెడ, టి ఛాతీ, ఎల్ నడుం, ఎస్ దాని కింద. మోచేయి ముడవడం సి5, మణికట్టు పైకెత్తడం సి6, మోచేయి చాచడం సి7, వేళ్లు ముడవడం సి8, చిటికెన వేలిని పక్కకు జరపడం టి1. కాళ్లలో తుంటి ముడవడం ఎల్2, మోకాలు చాచడం ఎల్3, పాదం పైకెత్తడం ఎల్4, బొటనవేలు పైకెత్తడం ఎల్5, పాదాన్ని కిందికి నొక్కడం ఎస్1.

రెండోది స్పర్శ. ఒక్కో వైపు 28 చోట్ల దూదితో ఒకసారి, సూదితో ఒకసారి చూస్తారు. అసలు తెలియకపోతే 0, తేడాగా తెలిస్తే 1, చెంప మీద తెలిసినట్టే తెలిస్తే 2. దూదికి మొత్తం 112, సూదికి మొత్తం 112.

మూడోది చాలా కుటుంబాలు అడగడానికి మొహమాటపడే విషయం. మలద్వారం చుట్టూ స్పర్శ ఉందా, లోపల వేలితో నొక్కితే తెలుస్తోందా, అడిగినప్పుడు బిగించగలుగుతున్నారా? వెన్నుపాములో అన్నింటికన్నా చివరి భాగం అక్కడికి వెళ్తుంది. అక్కడ ఏ కాస్త తెలిసినా, దెబ్బను దాటి కొన్ని దారులు మిగిలాయని అర్థం. అందుకే గ్రేడులో మొదటి గీత ఇక్కడే గీస్తారు. అక్కడ స్పర్శా బిగింపూ రెండూ లేకపోతే ‘ఏ’. స్పర్శ మాత్రమే ఉంటే ‘బి’. అక్కడ బిగించగలిగినా, లేదా అక్కడ స్పర్శ ఉండి దెబ్బకు మూడు స్థాయిల కన్నా కింద కొంత కదలిక ఉన్నా ‘సి’. దెబ్బకు కింద ఉన్న ముఖ్య కండరాల్లో సగం గానీ అంతకన్నా ఎక్కువ గానీ గ్రేడ్ 3కి చేరితే ‘డి’. ముందు లోపం ఉండి ఇప్పుడు అన్నీ మామూలుగా ఉంటే ‘ఈ’. ఈ పరీక్ష చేశారా అని సిగ్గుపడకుండా అడగండి. చేయకపోతే ఆ గ్రేడుకు ఆధారం లేదు.

మొదటి గంటల్లో వచ్చిన గ్రేడును రాతిమీద రాతలా పట్టుకోకండి. నొప్పి మందులు, మత్తు, మిగతా దెబ్బలు, వెన్నుపాము షాకు (దెబ్బ తగలగానే దాని కింద రిఫ్లెక్సులు కూడా కొంతకాలం ఆగిపోవడం) కలిసి పరీక్షను గందరగోళం చేస్తాయి. సుమారు 72 గంటల దగ్గర చేసిన పరీక్షను ఆధారంగా తీసుకుంటే మేలు. మా తమ్ముడికి ఆ రోజు కండరాల మార్కులు 100కి 16. నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండాల్సింది అది. నేను దాన్ని ఫైల్లో నుంచి వెతికి నాలుగో నెలలో రాసుకున్నాను. మీరు ఆ షీటు ఫోటో ఇవాళే తీసి పెట్టుకోండి.

ఎవరైనా “ఎన్ని శాతం కోలుకున్నాడు?” అని అడిగితే జవాబు చెప్పకండి. అలాంటి శాతం లేదు. 16 నుంచి 34కి వచ్చాడంటే 34 శాతం మనిషి అయ్యాడని కాదు. ఆ ప్రశ్న విన్న రోజల్లా మా తమ్ముడు మాట్లాడేవాడు కాదు.

ఇంట్లో కండరాన్ని కొలవడం

మార్కులిచ్చే పద్ధతి ఇది. ఏమీ లేకపోతే 0. కదలిక లేకుండా కండరం బిగుసుకోవడం కనిపించినా, వేలికి తగిలినా 1. బరువు పడకుండా చూసినప్పుడు పూర్తిగా కదిలితే 2. భూమి లాగుతున్నా పూర్తిగా ఎత్తగలిగితే 3. మీ చేతి అడ్డును కొంత తట్టుకుంటే 4. మామూలు బలం ఉంటే 5.

బరువు పడకుండా చూడడం అంటే ఏమిటో నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఉదాహరణకు మోచేయి చాచడం. కూర్చుని చేయి పైకెత్తి చాచాలంటే ముంజేయి బరువు మొత్తం మోయాలి. అదే ముంజేతిని నున్నటి బల్ల మీద పెట్టి, కింద కాస్త పౌడరు చల్లితే, చేయి పక్కకు జారుతుంది తప్ప ఎత్తక్కర్లేదు. అలా పూర్తిగా చాచగలిగితే 2. మోకాలికైతే ఒక పక్కకు పడుకోబెట్టి, పై కాలిని మీరు రెండు చేతులతో మోస్తూ చాచమనాలి. సగం దూరమే కదిలితే 2 రాయకూడదు. నేను ‘1, సగం దాకా జారింది’ అని రాసేదాన్ని. మార్కు మారకపోయినా ఆ పక్క మాట తర్వాతి నెల పనికొచ్చేది.

మార్కు వేసే ముందు కీలును మీ చేతులతో మెల్లగా పూర్తిగా తిప్పి చూడండి. కీలే బిగుసుకుపోయి ఉంటే కండరం ఎంత బలంగా ఉన్నా పూర్తిగా కదలదు. అప్పుడు తప్పు కండరం మీద వేస్తాం.

ఇక అసలు జాగ్రత్త. శరీరం ఒక పనికి ఇంకో దారి వెతుక్కుంటుంది. అది మోసం కాదు, తెలివే. కానీ కొలిచేవాళ్లు దాన్ని పట్టుకోవాలి.

మోచేయి చాచమంటే చాలామంది భుజాన్ని బయటికి తిప్పి వదిలేస్తారు. ముంజేయి తన బరువుకు తానే వాలి చేయి చాచుకుంటుంది. ట్రైసెప్స్ ఏమీ చేయలేదు. భుజాన్ని ఒక చేత్తో పట్టి ఉంచి, రెండో చేతిని మోచేయి వెనక కండరం మీద ఆనించి చూడండి. మణికట్టు పైకెత్తమంటే అరచేతిని పైకి తిప్పేస్తారు, మణికట్టు దానంతటదే వాలిపోతుంది. ముంజేయిని తిరగనివ్వకుండా పట్టుకోండి.

వేళ్లు ముడవడంలో నేను దాదాపు రెండు నెలలు పొరబడ్డాను. మణికట్టు పైకెత్తినప్పుడు వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి, కిందికి వంచితే తెరుచుకుంటాయి. టెండన్లు లాగడం వల్ల జరిగేది అది. దాన్ని టీనోడెసిస్ అంటారు. మా తమ్ముడు గ్లాసు పట్టుకోవడం మొదలుపెట్టింది అలాగే. సి8 వచ్చిందని 2 మార్కులు రాసేశాను. ఫిజియో మణికట్టును కదలకుండా పట్టుకుని వేళ్లు ముడవమంటే ఒక్కటీ కదల్లేదు. అయితే ఆ గ్లాసు పట్టుకోవడం నిజం. అది కండరాల పేజీలో కాదు, పనుల పేజీలో రాయాలి. ఇంకో మాట: ఆ పట్టు నిలవాలంటే వేళ్లనూ మణికట్టునూ ఒకేసారి వెనక్కి సాగదీయకూడదు. టెండన్లు సాగిపోతే పట్టు వదులైపోతుంది. ఇది ఎవరూ చెప్పకముందే నేను రోజూ ప్రేమగా సాగదీసేదాన్ని.

కాలి వేళ్లలో కూడా ఇంతే. వేళ్లను కిందికి ముడిచి ఒక్కసారి వదిలితే స్ప్రింగులా పైకి వస్తాయి, పైకెత్తారనిపిస్తుంది. తుంటి ముడవమంటే పొట్ట బిగిస్తే నడుం కదులుతుంది, తొడ కదిలినట్టుంటుంది.

జెర్కుల (వాటంతటవే వచ్చే కుదుపుల) నుంచి నిజమైన కదలికను వేరుచేయడానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ముట్టుకోకుండా, దుప్పటి తీసేసి, ఒక నిమిషం ఆగాలి. ‘కదుపు’ అన్నప్పుడు కదలాలి, ‘ఆపు’ అన్నప్పుడు ఆగాలి. మూడుసార్లు అడిగితే మూడుసార్లు. మధ్యలో వేరే వేరే విరామాలు ఇవ్వాలి, లేకపోతే లయకు జెర్కులు కలిసిపోతాయి. మూడింటిలో రెండుసార్లు వస్తే మార్కు వేయకుండా ప్రశ్న గుర్తు పెట్టి, వారం తర్వాత మళ్లీ చూస్తాను. నా నోట్‌బుక్‌లో ప్రశ్న గుర్తుల్లో కొన్ని మార్కులయ్యాయి, కొన్ని కాలేదు.

మెదడు నుంచి కబురు వెళ్లి కండరం కాస్త బిగిస్తే, కొన్నిసార్లు మనిషికి అది లోపల ముందే తెలియవచ్చు. కాబట్టి “ఏదో లాగినట్టుంది” అంటే తప్పకుండా వేలు ఆనించి చూడండి. నేను చూడని ఆ మూడు రోజులు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి.

గ్రేడ్ 4 దగ్గరికి వచ్చాక ఈ కొలబద్ద మొద్దుబారుతుంది. బలం రెట్టింపైనా మార్కు 4 దగ్గరే ఉండిపోవచ్చు. అప్పుడు ఒకే బరువుతో ఎన్నిసార్లు ఎత్తగలరో లెక్కపెట్టండి. అరలీటరు నీళ్ల సీసా చాలు. మా తమ్ముడి ఎడమ మణికట్టు ఆరు నెలలు 4 మీదే ఉంది, కానీ ఎత్తడం 5 సార్ల నుంచి 31కి పెరిగింది.

స్పర్శ

ఇంట్లో దూది చాలు. సూది పరీక్ష ఆసుపత్రికి వదిలేయండి. స్పర్శ లేని చర్మం మీద గీసుకున్నా వాళ్లకు తెలియదు, రక్తం పలచబడే మందులు వాడుతూ ఉండవచ్చు కూడా. అయితే సూది ఫలితాన్ని మాత్రం డాక్టరును అడిగి రాసుకోండి. దెబ్బకు కింద సూది గుచ్చుకోవడం తెలిస్తే కదలిక తిరిగి వచ్చే అవకాశం మెరుగు. సూది దారులు, కదలిక దారులు వెన్నుపాములో దగ్గరదగ్గరగా ఉంటాయి.

కళ్లు మూసుకోమని, ముందు చెంప మీద తాకి ‘ఇది మామూలు’ అని చెప్పి మొదలుపెట్టండి. బొటనవేలు సి6, చేతి మధ్య వేలు సి7, చిటికెన వేలు సి8, చనుమొన వరస టి4, బొడ్డు టి10, మోకాలి లోపలి వైపు ఎల్3, చీలమండ లోపలి ఎముక ఎల్4, పాదం పైభాగం ఎల్5, మడమ బయటి వైపు ఎస్1, మోకాలి వెనక ఎస్2. కొన్నిసార్లు తాకకుండానే “ఇప్పుడు?” అని అడగాలి. మనసు కోరుకున్నది చర్మం చెప్పినట్టు అనిపిస్తుంది. అది అబద్ధం కాదు, ఆశ. తాకనప్పుడు కూడా ‘తెలిసింది’ అంటే ఆ రోజుకి ఆ చోటు వదిలేసి ఇంకో రోజు చూస్తాం.

ఎక్కువమంది రాయనివి, నిజంగా రాయాల్సినవి

కాళ్ల గురించే రాస్తే నోట్‌బుక్‌లో సగం ఖాళీ. మా తమ్ముడిని ఆరో నెలలో “నీకు ముందు ఏది కావాలి?” అని ఫిజియో అడిగితే, నడవడం అంటాడనుకున్నాను. “రాత్రి బట్టలు తడవకుండా పడుకోవాలి” అన్నాడు. అప్పటిదాకా నా నోట్‌బుక్‌లో మూత్రం గురించి ఒక్క లైను లేదు.

మూత్రం: క్యాథెటర్‌తో తీసిన ప్రతిసారీ టైము, కొలజాడీలో మిల్లీలీటర్లు, మధ్యలో కారిందా లేదా. పెద్దవాళ్లలో సాధారణంగా ఒక్కసారికి 500 మి.లీ. దాటకుండా చూసుకోమంటారు. దాటుతుంటే నీళ్లు తాగే వేళలు గానీ, తీసే వేళలు గానీ మార్చాలి. మూడు రోజులు వరసగా రాసిన కాగితం తీసుకెళ్తే డాక్టరు అరనిమిషంలో మందు మార్చారు. అంతకు ముందు నేను “చాలాసార్లు కారుతోంది” అని మాత్రమే చెప్పేదాన్ని. నిండినట్టు తెలియడం మొదలైతే అది కూడా తేదీతో రాయండి. అది కోలుకోవడమే.

మోషన్: మొదలుపెట్టిన టైము, ముగిసిన టైము, అనుకోకుండా అయిపోయిన రోజులు. మాకు మొదట గంటా ఇరవై నిమిషాలు పట్టేది, ఏడాదికి 35 నిమిషాలకు వచ్చింది. ఇంట్లో అందరి రోజునూ మార్చిన అంకె అదే.

ఊపిరి: మెడ దెబ్బలో పక్కటెముకల కండరాలు, పొట్ట కండరాలు బలహీనపడతాయి. గట్టిగా ఊపిరి తీసుకుని, ఒకే వేగంతో ఒకటి రెండు మూడు అని ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో రాయండి. ప్రతిసారీ ఒకే భంగిమలో చూడాలి. మా వాడికి 9 నుంచి 24 దాకా వచ్చింది. ఉన్నట్టుండి తగ్గితే ఛాతీలో కఫం, ఇన్ఫెక్షన్ గురించి డాక్టరుకు చెప్పాలి.

చర్మం: పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి త్రికాస్థి (నడుం కింది ఎముక), తుంటి పక్కలు, కూర్చునే ఎముకలు, మడమలు. ఎర్రబడితే వేలితో నొక్కండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఒత్తిడి పూర్తిగా తీసేసి అరగంటకు చూడండి. నొక్కినా తెల్లబడకపోయినా, అరగంటకు ఎరుపు పోకపోయినా అది బెడ్‌సోర్ మొదలవడమే. పుండు ఉంటే పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో రాసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. చర్మం బాగున్న నెలలోనే మిగతా అన్ని మార్కులూ పెరిగాయి. పుండు పడిన ఆరు వారాలూ కూర్చోవడమే లేదు, ఇంక బలం ఎక్కడిది?

బిగుతు: మోకాలిని వేగంగా ముడిచి చాచినప్పుడు ఎంత అడ్డుపడుతుందో ఫిజియోలు మోడిఫైడ్ యాష్‌వర్త్ స్కేలులో రాస్తారు. ఇంట్లో నేను జెర్కులు రాత్రికి ఎన్నిసార్లు నిద్ర లేపాయో రాశాను, పక్కన బిగుతు తగ్గించే మందు బాక్లోఫెన్ వేసిన టైము. బిగుతు ఉన్నట్టుండి పెరిగితే దానికొక కారణం వెతకండి: మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పుండు, లోపలికి పెరిగిన గోరు. తెలియని చోట నొప్పిని శరీరం అలా చెప్పుకుంటుంది.

పనుల కొలత

స్కిమ్ అని ఒక స్కేలు ఉంది, వెన్నుపాము దెబ్బ తగిలినవాళ్ల కోసమే 1997లో ఇజ్రాయెల్‌లో తయారైంది. దాని మూడో రూపాన్ని ఎక్కువగా వాడుతున్నారు. మొత్తం 100. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం వంటి సొంత పనులకు 20. ఊపిరి, మూత్రం, మోషన్‌లకు 40. మంచం మీద తిరగడం నుంచి మెట్లెక్కడం దాకా కదలికలకు 40. ఫిజియోను గానీ ఆక్యుపేషనల్ థెరపిస్టును గానీ అడిగి వేయించండి. నేను ఈ స్కేలును ఇష్టపడడానికి కారణం ఉంది. తమ్ముడి కండరాల మార్కులు ఆరో నెలలో 34. ఏడాదికి 35. చూసేవాళ్లకు ఆగిపోయినట్టే. అదే ఆరు నెలల్లో స్కిమ్ 24 నుంచి 47కి వెళ్లింది. నరాలు ఇచ్చినదాన్ని వాడుకోవడం వాడు నేర్చుకున్నాడు.

ఇంట్లో వీటికి గడియారం చాలు. స్లైడింగ్ బోర్డు మీదుగా మంచం నుంచి వీల్‌చైర్‌లోకి మారడానికి ఎన్ని నిమిషాలు, ఎంతమంది పట్టుకున్నారు, ఎక్కడ పట్టుకున్నారు. మాకు ఇద్దరు పట్టుకుని 11 నిమిషాలతో మొదలై, ఒకరు పక్కన నిలబడితే 3 నిమిషాల 40 సెకన్లకు వచ్చింది. మంచం అంచున చేతులు ఆనించకుండా ఎన్ని సెకన్లు కూర్చోగలరు? కూర్చుని ఒక చేయి ముందుకు చాపితే పడకుండా ఎన్ని సెంటీమీటర్లు అందుతుంది? గోడకు టేపు అంటించి కొలిచేవాళ్లం. పక్కన మాత్రం ఎప్పుడూ ఒకరు ఉండాలి.

నడవగలిగేవాళ్లకు 10 మీటర్ల నడక పరీక్ష ఉంటుంది. 14 మీటర్లు గీసి, మొదటి 2, చివరి 2 మీటర్లు వదిలేసి మధ్య 10 మీటర్లకు టైము చూడండి. మొదలుపెట్టడంలో, ఆగడంలో వచ్చే తేడా అలా పోతుంది. మూడుసార్లు నడిపించి సగటు తీయండి. వాకరా, కర్రా, బ్రేసులా, ఎవరైనా పట్టుకున్నారా అన్నది తప్పక రాయాలి. వాకరుతో 40 సెకన్లు, కర్రతో 55 సెకన్లు వస్తే వెనక్కి వెళ్లినట్టు కాదు.

ఎప్పుడు, ఎలా

మొదట్లో నేను ప్రతి సాయంత్రం 20 కండరాలూ చూసేదాన్ని. మూడో వారంలో తమ్ముడు దుప్పటి ముఖం మీదికి లాక్కోలేక, తల పక్కకు తిప్పుకుని, “అక్కా, రోజూ పరీక్ష పెట్టి రోజూ ఫెయిల్ చేస్తున్నావే” అన్నాడు. ఆ రోజుతో ఆపేశాను. చర్మం, మూత్రం రోజూ. పనుల టైములు వారానికి ఒకసారి. కండరాలు, స్పర్శ నెలకు ఒకసారి, 1వ తేదీన. ఏషియా చార్టు పూర్తిగా 1, 3, 6, 12 నెలలకు ఆసుపత్రిలో, వీలైతే ఒకే మనిషి చేత.

ఒకే టైము, ఒకే భంగిమ, మందు వేసి అంతే సేపు అయ్యాక. జ్వరం, ఇన్ఫెక్షన్, నిద్ర లేని రాత్రి ఉంటే కొలవకుండా వాయిదా వేయండి, ఎందుకు వేశారో రాయండి. పాత మార్కులు చూడకుండా కొత్తవి రాయండి. నేను పాత పేజీని క్లిప్పు పెట్టి మూసేదాన్ని, లేకపోతే చేయి పోయినసారి అంకెకే వెళ్తుంది. వాళ్లు సరే అంటే ఒకే చోట ఫోను నిలబెట్టి వీడియో తీయండి. ఆ వీడియో ఎవరికి పంపాలో వాళ్లే చెప్పాలి.

ఎక్కువమందిలో మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, ఆరు నుంచి తొమ్మిది నెలల్లోపు చాలావరకు వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఏడాది దాటాక కూడా కొందరిలో కండరాలు తిరిగి వస్తాయి. నెమ్మదించిన రెండు నెలల్ని చూసి అంతా అయిపోయిందని ఎవరన్నా నమ్మకండి. అలాగే వేగంగా వచ్చిన రెండు నెలల్ని గీత గీసి పొడిగించి, ఫలానా తేదీకి నడుస్తాడని లెక్క వేయకండి. లెక్కల టీచర్ని కదా, నేను ఆ గీత గీశాను. ఆ తేదీ వచ్చిన రోజు ఇద్దరికీ చాలా బరువుగా గడిచింది.

అంకె కనిపించగానే ఫోను తీయాల్సిన సందర్భాలు

దెబ్బ టి6 దగ్గర గానీ అంతకు పైన గానీ ఉంటే మామూలు రోజుల్లో బీపీ ఎంతో ముందే రాసి పెట్టుకోండి. చాలామందికి మామూలు బీపీయే తక్కువగా ఉంటుంది. దాని మీద పై అంకె 20 నుంచి 40 పెరిగి, తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడడం, దెబ్బకు పైభాగంలో చెమటలు ఉంటే అది అటానమిక్ డిస్‌రెఫ్లెక్సియా, అంటే దెబ్బకు కింద ఏదో ఇబ్బంది వల్ల బీపీ ఒక్కసారిగా పెరగడం. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు, బెల్టులు వదులు చేసి, క్యాథెటర్ మడతపడిందా, మూత్రం నిండిందా చూడండి. రెండు మూడు నిమిషాలకొకసారి బీపీ చూడండి. తగ్గకపోతే అత్యవసర సహాయం పిలవండి. 130 చూసి ‘మామూలే కదా’ అని ఎవరైనా అనవచ్చు. వాళ్ల మామూలు 95 అని మీ నోట్‌బుక్ చూపించండి.

మోకాలి కింది ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్ల దిగువన రెండు పిక్కల చుట్టుకొలత వారానికోసారి టేపుతో కొలవండి. ఒకటి ఇంకోదాని కన్నా 3 సెంటీమీటర్లు దాటి వాచితే రక్తం గడ్డ కావచ్చు. ఆ కాలికి మర్దన చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. తుంటి వెచ్చగా వాచి, ముందు తిరిగినంత తిరగకపోతే కీలు చుట్టూ ఎముక పెరుగుతుందేమో చూడాలి.

వచ్చిన బలం మళ్లీ తగ్గడం, స్పర్శ లేని గీత పైకి జరగడం, దగ్గినా తుమ్మినా కొత్తగా నొప్పి రావడం: ఇవి నెలల తర్వాతే కాదు, ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. వెన్నుపాము లోపల నీటి తిత్తి పెరిగినా ఇలాగే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి పాత మార్కులే సాక్ష్యం. అందుకే అన్నీ నిలకడగా ఉన్నా మేము మూడు నెలలకోసారి ఒక పేజీ రాస్తూనే ఉన్నాం.

డాక్టరు దగ్గరికి మొత్తం నోట్‌బుక్ కాకుండా ఒకే కాగితం తీసుకెళ్లండి. పైన 72 గంటల మార్కులు, కింద పోయినసారివి, ఈసారివి, చివర రెండు ప్రశ్నలు. మా కాగితం మీద ఆ ప్రశ్నలు ఇప్పుడు తమ్ముడే రాస్తాడు. మణికట్టు ఎత్తి, వేళ్ల మధ్య పెన్ను ఇరికించుకుని రాస్తాడు. ఒక్కో లైనుకు నిమిషం పైనే పడుతుంది. ఆ నిమిషాన్ని నేను కొలవడం లేదు, వద్దన్నాడు.